పాత స్పోర్ట్సు కారుకు కొత్త సైలెన్సరు

కారు చప్పుడు చేయకుండ చూచుటకే సైలెన్సరు ఉన్నదని చాలమంది అనుకొందురు. పేరునుబట్టి అట్లు తోచుట సహజమే. కాని దానికి ఇంకొక పని ఉన్నది. ఇంజనులో పుట్టిన విషవాయువును కూర్చున్నవారి దరికి రానీయక, కారు వెనుక చివరివరకు తీసికొనిపోయి బయట విడిచిపెట్టుట ఆ పని. పాత కార్లను ముచ్చటపడి ఉంచుకొన్న కుటుంబములవారు దీనిని మరువరాదు.

ఉదాహరణకు ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారును తీసికొందము. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణములో 1962 మొదలు 1980 వరకు ఈ కార్లు 5 లక్షలకు పైగా తయారైనవి. దీని ఇంజను మనకు బొత్తిగా పరాయిది కాదు. మన అంబాసిడరు కార్లలో 1959 నుండి చాలకాలము పెట్టిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఒకే వంశమునకు చెందినవి. కనుక ఇచట చెప్పు మాటలు పాత అంబాసిడరు గలవారికి కూడ చాలవరకు పనికివచ్చును.

4 సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, కాలిన వాయువు సెకనుకు 100 మారులు తుపాకి పేలినట్లు వెలువడును. సైలెన్సరు పెట్టెలో చిల్లుల గొట్టములు, అడ్డుగోడలు, చిన్న చిన్న గదులు ఉండును. వాయువు వాటిగుండా పోవునపుడు శబ్దము అటునిటు తగిలి అణగిపోవును. అమెరికాలో రీవ్స్ సోదరులు ఇట్టి సాధనమునకు 1897లోనే పేటెంటు పొందిరి. స్పోర్ట్సు కారు గర్జించిననే అందమని కొందరు సైలెన్సరునే తీసివేయుదురు. మన దేశములో అది చట్టవిరుద్ధము. ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి.

ఇంత గట్టి ఇనుపపెట్టె ఎందుకు చెడిపోవును? ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు ఒక లీటరు నీరు పుట్టును! దూరప్రయాణములో సైలెన్సరు బాగుగా వేడెక్కి ఆ నీరు ఆవిరిగా పోవును. ఆదివారమునాడు రెండు వీధులు తిప్పి షెడ్డులో పెట్టిన కారులో అది పెట్టెలోనే నిలిచి, లోపలినుండి తుప్పు పట్టించును. అందుచేత రోజూ తిరుగు కారు సైలెన్సరుకంటె, అపురూపముగా దాచుకొన్న కారు సైలెన్సరే ముందు పోవుట కద్దు. పైన పటారము, లోన లొటారము. చిల్లు పైకి కనబడునప్పటికి లోపలి గోడలు ఎప్పుడో రాలిపోయి ఉండును. అట్టిదానికి అతుకు వేయించుట నాలుగు రోజుల ముచ్చటే. పలుచబడిన రేకు వెల్డింగును పట్టుకొనదు.

పైకప్పు తీసిన కారులో విషవాయువు ఎక్కడ నిలుచునని అడుగవచ్చును. కారు పరుగెత్తునపుడు దాని వెనుక గాలి పలుచబడి, బయటికి పోయిన వాయువు తిరిగి లోపలికి లాగబడును. వానకు కప్పు వేసికొన్నచో మరియు ప్రమాదము. నేలరేకు చిల్లులగుండ, గేరు కడ్డీ పక్కనుండి అది చాపక్రింద నీరువలె చేరును. అందలి కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది 200 రెట్లకు మించిన బలముతో ఆక్రమించును. ప్రయాణములో పిల్లలకు తలనొప్పి, వికారము, మగత కలిగినచో ఎండదెబ్బ అని త్రోసివేయక, వెంటనే కారు ఆపి, అందరిని గాలిలోనికి దించి, వైద్యునికి చూపవలెను. సైలెన్సరు బాగుచేయించువరకు ఆ కారు ఎక్కరాదు.

ఇక మార్చు విధము. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, చదునైన నేలపై చక్రములకు అడ్డుపెట్టి కారును లేపవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి పోరాదు, ఇటుకలను అసలే నమ్మరాదు. గట్టి ఇనుప స్టాండ్లపై నిలుపవలెను. ముందురోజు రాత్రియే నట్లకు తుప్పు వదల్చు నూనె పోసి ఉంచుట మేలు. పాత గొట్టమును రంపముతో కోసినను నష్టము లేదు. కాని ఇంజను ప్రక్కనున్న మేనిఫోల్డు బోల్టులను విరుగనీయరాదు. ఒకటి విరిగినచో గంటలో తీరు పని రెండు రోజులు పట్టును. అచట ఇత్తడి నట్లు వాడుట మంచిది. అవి తుప్పుతో బిగుసుకొనవు.

గాస్కెట్లు, వ్రేలాడదీయు రబ్బరులు తప్పక కొత్తవి వేయవలెను. ఇంజను తన రబ్బరులపై ఊగుచుండును, గొట్టము కూడ దానితోపాటు ఊగవలెను. తీగతో బిగించి కట్టినచో మేనిఫోల్డువద్ద పగులును. ముందు అన్నిటిని వదులుగా కూర్చి, గొట్టము ఎచటను నేలరేకునకుగాని, వెనుక ఇరుసునకుగాని తగులకుండ సరిచూచుకొని, పిదప ముందునుండి వెనుకకు వరుసగా బిగించుకొని రావలెను. తొందరపడి ఒకచోట ముందే బిగించినవారు మరల అంతయు విప్పవలసివచ్చును. నిదానమే ప్రధానము.

చివర ఆరుబయట ఇంజను నడిపి, వెనుక గొట్టము మూతిని మందపు గుడ్డతో కొద్దిగా మూసి చూడుడు. ఎచటనైన లీకు ఉన్నచో బుసకొట్టినట్లు వినబడును. మొదటిసారి కొంచెము పొగ వచ్చుట సహజమే. కొత్త పెట్టెకు పూసిన నూనె కాలిపోవుటచే అట్లగును. సుమారు 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట నట్లను మరల ఒకసారి బిగించి, ఆపైన నెలకు ఒకసారియైన ఆ కారును దూరము నడిపి సైలెన్సరును బాగుగా వేడెక్కనిండు. లోపలి నీరు పోయి అది చాలకాలము మన్నును.