సీసా రాకెట్టు, పిల్లలు రాసిన కాగితాలు

హోసూరుకు కొంచెం దూరంలో ఒక పల్లె బడిలో నేను సైన్సు పాఠాలు చెబుతుంటాను. ఈవేళ మీతో ముచ్చటించబోయేది రాకెట్ల గురించే. అయితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లు కావు. పెళ్ళి భోజనాలయ్యాక పందిట్లో దొర్లుతుండే రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలతో మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన రాకెట్లు. అవి ఎగిరాక, కొన్ని ఎగరకపోయాక, పిల్లలు తలా ఒక కాగితం రాసి ఇచ్చారు. నేను చెప్పదలచుకున్న దాంట్లో సగం ఆ కాగితాల్లోదే.

ఈ కథంతా 2023 ఆగస్టు 23 సాయంత్రం మొదలైంది. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగడం చూసిన పిల్లలు మర్నాడు తరగతిలో నన్ను పాఠం చెప్పనిస్తేనా! ఒకడు లేచి, "సార్, రాకెట్టు నేలను తన్ని లేస్తుంది గదా, పైన నేల లేదే, మరి అక్కడ దేన్ని తంతుంది?" అని అడిగాడు. నూరు మార్కుల ప్రశ్న ఇది. న్యూటను మూడో సూత్రం వాడికి నోటికొచ్చు. చర్యకు ప్రతిచర్య సమానం, దిశ వ్యతిరేకం అని గడగడా అప్పజెపుతాడు. ఆ సూత్రానికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని మాత్రం వాడికి తోచలేదు. తప్పు వాడిది కాదు. సూత్రాన్ని నల్లబల్ల మీద చూశాడే గాని చేతితో పట్టుకోలేదు.

మరి చేతికి అందించడం ఎలాగ? తారాజువ్వ మనందరికీ తెలిసిందే. కాని పిల్లల చేత మందు కూరించడం అనే మాట నేను తలపెట్టను. అమెరికాలో 1950 దశకంలో ఇదే సమస్య వచ్చింది. కుర్రవాళ్ళు ఇళ్ళలో మందులు కలిపి చేతులు, కళ్ళు పోగొట్టుకుంటుంటే, నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన 1954లో ఒక చిన్న నమూనా రాకెట్టు తయారుచేశాడు. కాగితపు గొట్టం, తేలికపాటి చెక్క రెక్కలు, దూరం నుంచి అంటించే చిన్న ఇంజను. 1957లో హ్యారీ స్టైన్ అనే ఆయన దాన్ని నలుగురిలోకీ తెచ్చాడు. ఇంజనును కర్మాగారంలోనే చేసి అమ్మాలి, పిల్లలు మందు ముట్టుకోకూడదు అన్నది వాళ్ళు పెట్టుకున్న మొదటి నియమం. అక్కడి బడుల్లో ఈనాటికీ అదే పద్ధతి. మన పల్లెల్లో అటువంటి ఇంజన్లు దొరకవు. అందుకని మేము నీళ్ళనూ గాలినీ నమ్ముకున్నాం.

పనితీరు ఇలా ఉంటుంది. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, మూతి కిందికి వచ్చేలా నిలబెట్టి, సైకిలు పంపుతో లోపలికి గాలి కొడతాం. గాలికి బయటపడే దారి లేదు. ఇరుకున నలిగి నీళ్ళ నెత్తిన కూర్చుంటుంది. మూతి తెరుచుకోగానే నీళ్ళను కిందికి తరుముతుంది. నీళ్ళు కిందికి పోయిన కొద్దీ సీసా పైకి పోతుంది. సీసా నేలను తన్నడం లేదు, నీళ్ళను తన్నుతోంది. తనలో ఉన్నదాన్నే వెనక్కి విసిరి తాను ముందుకు పోతుంది. చంద్రుడి దారిలోనూ జరిగేది ఇదే, అక్కడ నీళ్ళకు బదులు మండిన వాయువులు. పంపు ముల్లు 45 పౌండ్లు చూపించినప్పుడు ఆ మూతి నుంచి వచ్చే తోపు 20 కిలోల బరువుకు పైమాటే. నీళ్ళతో కలిపి సీసా బరువు కిలో కూడా ఉండదు. నీళ్ళన్నీ ఖాళీ కావడానికి సెకనులో పదో వంతు పట్టదు. అందుకే కన్ను మూసి తెరిచే లోపల సీసా కనబడదు. పాఠ్యపుస్తకంలో ఈ తోపును అభిబలం అంటారు. మా పిల్లలు "వెనక్కి తన్నుడు" అన్నారు. పరీక్షలో అభిబలం అని రాయమన్నాను గాని, వాళ్ళ మాటే నాకు బాగుంది.

ఇక రెక్కల సంగతి. ఇక్కడే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, ఎక్కువ ఓడిపోయారు కూడా. రాకెట్టు సూటిగా పోవాలంటే బరువు ముందు వైపు ఉండాలి, గాలి పట్టుకునే వెడల్పు వెనుక వైపు ఉండాలి. తారాజువ్వకు పొడుగాటి పుల్ల ఎందుకు కడతారో ఆలోచించండి. పుల్ల లేని జువ్వ ఎవరి ఇంట్లో దూరుతుందో ఎవరికీ తెలియదు. హైదరలీ, టిప్పు సుల్తాను సైనికులు ఇనుప గొట్టాల్లో మందు కూరి వెదురు బొంగులకు కట్టి వదిలినవి ఈ రకం రాకెట్లే. 1792 దాకా మా కృష్ణగిరి సీమ టిప్పు ఏలుబడిలోనిదే. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడిన బావి తవ్వితే అటువంటి ఇనుప గొట్టాలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఇంగ్లీషువాళ్ళు వాటిని తమ దేశానికి పట్టుకుపోయి, చూసి, కాంగ్రీవ్ అనే ఆయన చేత సొంత రాకెట్లు చేయించుకున్నారు. ఈ సంగతి చెప్పాక పిల్లలకు రెక్కల మీద గౌరవం పెరిగింది.

రెక్కలకు పాత ఫైలు అట్టలు వాడాం. ముక్కుకు సగానికి కోసిన ప్లాస్టిక్ బంతి, అందులో పిడికెడు బంకమన్ను. వదిలే ముందు ఒక పరీక్ష ఉంది. రాకెట్టును దారానికి వేలాడదీసి, సమంగా తూగే చోట ముడివేసి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే సరే. తోక ముందుకు వస్తే మట్టి ఇంకా కలపాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. ఒక అమ్మాయి విమానంలా అందంగా ఉంటుందని రెక్కలు పైభాగంలో అతికించింది. దారం పరీక్షలో అది పిచ్చిపట్టినట్టు తిరిగింది. అయినా అలాగే వదులుతానంది. సరే, వదలమన్నాను. మనిషెత్తు లేచి, పల్టీ కొట్టి, చింతచెట్టు మొదట్లో పడింది. ఆమె కాగితంలో ఇలా ఉంది: "రంగు వేయడానికి రెండు రోజులు పట్టింది. దారం చెప్పింది నేను వినలేదు."

మొదటి రోజు జరిగిన ఒక సంగతి దాటవేయడం న్యాయం కాదు. అప్పుడు మేము వాడింది ఉత్త రబ్బరు బిరడా. దానికి చిల్లు పెట్టి సైకిలు ట్యూబు వాల్వు దూర్చాం. గాలి వత్తిడికి బిరడా దానంతట అదే ఊడితే రాకెట్టు లేస్తుంది. ముందు వదిలిన సీసాకు బిరడా వదులై గాలి కారిందని, తర్వాతి దానికి నేనే గట్టిగా బిగించాను. నలభై సార్లు పంపు కొట్టినా కదలదు. ఏమైందో చూద్దామని ఒక కుర్రవాడు గీత దాటి వంగాడు. నేను వాడి పేరు పెట్టి అరిచాను. వాడు వెనక్కి తిరిగిన క్షణంలో బిరడా ఊడింది. సీసా వాడి చెవి పక్క నుంచి పోయింది. చొక్కా అంతా నీళ్ళు. పిల్లలు నవ్వారు, వాడూ నవ్వాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గట్టిగా బిగించింది నేను. ఎప్పుడు ఊడుతుందో తెలియని దాని దగ్గర పిల్లల్ని నిలబెట్టింది నేను.

పది రోజులు రాకెట్ల మాట ఎత్తలేదు. ఈ లోపల ఊళ్ళోని సైకిలు షాపాయన, నేను కూర్చుని ఇంకో ఏర్పాటు చేశాం. సీసా మెడను ఒక ఇనుప పట్టీ పట్టుకుంటుంది, పట్టీకి ఒక చీల, చీలకు 5 మీటర్ల తాడు. తాడు లాగితే తప్ప సీసా కదలదు. వాల్వు సీసా దగ్గర కాకుండా పంపు దగ్గర పెట్టి, మధ్య గొట్టానికి ఒక చిన్న కుళాయి బిగించాం. లాగినా లేవకపోతే దూరం నుంచే కుళాయి తిప్పి గాలి తీసేస్తాం. ముల్లు సున్నా చూపించేదాకా ఎవరూ గీత దాటరు, నాతో సహా. వినే వాళ్ళలో ఉపాధ్యాయులుంటే మరొక్క మాట. గాలి నిండిన పానీయాలు వచ్చే సీసాలే వాడండి. మంచినీళ్ళ సీసాలు పలచన, పగిలిపోతాయి. గీత పడిన పాత సీసా కూడా వద్దు.

2024లో సంక్రాంతి సెలవులయ్యాక, రాగి కోతలయిపోయిన చేనిలో మళ్ళీ మొదలుపెట్టాం. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే సగం మంది తెలుగులో, సగం మంది తమిళంలో, ఇద్దరు ముగ్గురు కన్నడంలో మొదలుపెట్టారు. "ఒకటి" దగ్గరికి ఎవరికి వారే చేరారు. ఎత్తు కొలవడానికి కోణమానినికి దారం, రాయి కట్టి, 40 మీటర్ల దూరాన ఒక జట్టును నిలబెట్టాం. కోణం 37 డిగ్రీలు వచ్చింది. త్రికోణమితి ఇంకా రాని పిల్లలు గదా, గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకు 5 మీటర్ల చొప్పున గీశారు. అడుగు 8 సెంటీమీటర్లు, ఎత్తు 6 సెంటీమీటర్లు తేలింది. అంటే 30 మీటర్లు, చూసేవాడి కంటి ఎత్తు దానికి అదనం. అది మూడో వంతు నీళ్ళు పోసిన సీసా. ముప్పాతిక నింపింది బడి కప్పు మాత్రం దాటింది. బరువెక్కువ, తరమడానికి గాలి తక్కువ. అసలు నీళ్ళు పోయనిది కొబ్బరిచెట్టు ఎత్తుకు పోయింది. విసరడానికి తేలికైన గాలే తప్ప ఇంకేమీ లేదు మరి.

ఆ సాయంత్రం అందరినీ కాగితాలు రాయమన్నాను. ఏం చేశారో వద్దు, ఏమనుకున్నారో, ఏమైందో రాయండి అన్నాను. ఒకడు "ఎగరలేదు, ఎందుకో తెలీదు" అని ఒకే ఒక్క ముక్క రాసి ఇచ్చాడు. తిట్టలేదు, తిరిగిచ్చాను. వారం తర్వాత అదే కాగితం ఆరు వాక్యాలతో వచ్చింది. సీసాను బిందెడు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూశాడట. మూతి అంచున వెంట్రుకంత గీత ఉందట. గీత దాటిన కుర్రవాడు మాత్రం, నేను అరిచినప్పుడు కోపం వచ్చిందని, తర్వాత కుళాయి తిప్పే పని తనకే ఇచ్చినందుకు కోపం పోయిందని రాశాడు.

చివరి కాగితం చదవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. అది తెలుగే, కాని తమిళ అక్షరాల్లో ఉంది. 2006 నాటి చట్టం వచ్చాక మా రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి అందరికీ తమిళం తప్పనిసరి. మంచిదే, ఉన్న చోటి భాష రావాలి. ఈ అమ్మాయికి తెలుగు ఇంట్లో మాటగానే ఉంది, రాత చేరలేదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. నీళ్ళు పోయని సీసా గురించి ఆమె రాసిన వాక్యాన్ని నేను "సీసా ఖాళీ" అని చదివి, పక్కన తప్పు గుర్తు పెట్టాను. మర్నాడు కాగితం పట్టుకుని వచ్చింది. "ఖాళీ కాదు సార్, గాలి. సీసా గాలి. ఖాళీ అయితే ఎట్లా ఎగురుతుంది?"

తప్పు గుర్తు కొట్టేశాను. "గ ఎట్లా రాస్తారు?" అని అడిగింది. నల్లబల్ల మీద రాసి చూపించాను. కాగితంలో ఆ మాట వచ్చిన ప్రతిచోటా తమిళ అక్షరం కొట్టేసి, పైన గ రాసుకుంటూ పోయింది. తొమ్మిది చోట్ల వచ్చింది.