గోలకొండ అల్లుండ్రు

హైదరాబాదు పాతబస్తీలో మిస్రీగంజున షా రాజు అను ఫకీరు గోరీ యున్నది. ఆయన శిష్యుడే అబుల్ హసన్ తానీషా. అతనిని గోలకొండ సింహాసనమునకు చేరువ జేసినది కత్తి గాదు, పెండ్లి.

సోదరీమణులారా, కుతుబ్‌షాహీల రాజ్యము కూతుం డ్రవెంట నడచుట కది మొదలు గాదు. 1591లో నగరము కట్టించిన మహమ్మదు కులీ తన కూతురు హయాత్ బక్షీ బేగమును తమ్ముని కుమారున కిచ్చెను. 1612లో ఆ యల్లుడే సుల్తానయ్యెను. అప్పుడు పోటీకి మరియొక అల్లుడు లేడు. ఆ బేగము కుమారుడు అబ్దుల్లాకు మగసంతు లేదు, కుమార్తెలు మువ్వురు.

1656లో మొగలు సైన్యము కోటను చుట్టుకొనగా, హయాత్ బక్షీ బేగము స్వయముగా ఔరంగజేబు డేరాకు పోయి సంధి మాటాడెను. సంధికి వెల, ధనముతోపాటు రెండవ మనుమరాలు. ఆమెను ఔరంగజేబు కుమారుడు మహమ్మదు సుల్తానున కిచ్చిరి. కొన్నియేండ్లకే అతడు తండ్రి చెరసాల పాలయ్యెను.

పెద్దల్లుడు సయ్యదు నిజాముద్దీన్ అహమదు. రాజ్యవ్యవహార మంతయు తన చేతిలోనిదే యని అతని గర్వము. మూడవ పిల్లకు సయ్యదు సుల్తానను వరుని నిశ్చయించి పెండ్లిపనులు సాగించుచుండగా, ఈ పెండ్లి జరిగిన నేను రాజ్యము విడిచి పోదునని యతడు పట్టుబట్టెనట. తోడల్లుండ్ర అలుకలు మన మెరుగనివా? అబ్దుల్లా లొంగెను. రాజవంశమునకు దూరపు చుట్టమగు అబుల్ హసనును ఫకీరు సన్నిధినుండి పిలిపించి పెండ్లికొడుకును జేసిరి. అల్లుండ్ర పంతములు కథలై నిలిచినవి గాని, ఆ పెండ్లికూతు మనసు మనవరకు రాలేదు.

1672లో అబ్దుల్లా మరణింపగానే కోటలో రెండు పక్షము లేర్పడెను. జపానులో నిట్టి తగవు ముదిరి, 1336 మొదలు 1392 వరకు క్యోటోలో నొకటి, యోషినో కొండలలో నొకటిగా రెండు చక్రవర్తి కొలువులు నడచినవి. గోలకొండలో నది కోటగోడల నడుమనే తేలిపోయెను. పెద్దల్లుని అహంకారమునకు విసిగిన సర్దారులు సయ్యదు ముజఫరు, మూసాఖాను చిన్నల్లుని పక్షము వహించిరి. పెద్దల్లుడు బందీ యయ్యెను. ముజఫరు కొలువున నుండిన మాదన్న పిదప తానీషాకు ప్రధాని యయ్యెను.

1687లో కోటను ఔరంగజేబు గెలిచి తానీషాను దౌలతాబాదు చెరకు బంపెను. కుతుబ్‌షాహీ గోరీలలో పూర్తికాని దొకటి కలదు. తానీషా దానిని తనకై మొదలుపెట్టించెననియు, అందు నిజాముద్దీన్ అహమదును పూడ్చిరనియు చెప్పుదురు.