మేడ మీదికో రాగి తీగ

మా ఇంట్లో రెండో కంప్యూటరు మేడ మీది గదిలో ఉంది. రూటరేమో కింద హాల్లో. మధ్యలో ఇనుప ఊచలు దట్టంగా కట్టి పోసిన స్లాబు. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే వైఫై మూడుసార్లు తెగింది. మర్నాడే ఇరవై మీటర్ల క్యాట్-6 వైరు కొనుక్కొచ్చి మెట్ల వారగా పైకి లాగాను. ఒకే దారిలో రెండో కంప్యూటరుకు చోటెలా ఇవ్వాలన్న చిక్కులోంచే ఆ వైరు వెనకున్న విద్య, ఈథర్‌నెట్, పుట్టుకొచ్చింది.

దానికి బీజం హవాయి దీవుల్లో పడింది. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల్లోని టెర్మినళ్లను రేడియోతో కంప్యూటరుకు కలిపింది. పేరు అలోహానెట్. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పేయడమే దాని పద్ధతి. రెండు సందేశాలు గాల్లో గుద్దుకుంటే రెండూ చెడిపోతాయి. జవాబు రాని టెర్మినల్ కాసేపు ఆగి మళ్లీ పంపుతుంది. ఎంతసేపు ఆగాలన్నది చీటీ తీసినట్టే, ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది. ఈ పద్ధతిలో ఛానల్‌ను 18 శాతానికి మించి వాడుకోలేమని అబ్రామ్‌సనే లెక్క కట్టాడు.

కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ముందు వేరే అవసరం ఉంది. అక్కడ ఆల్టో అనే కంప్యూటర్లు తయారవుతున్నాయి, ఒక్కొక్కరి బల్ల మీద ఒక్కోటి. వాటన్నిటికీ కలిపి ఒకటే లేజర్ ప్రింటరు. సెకనుకో పేజీ అచ్చువేసే ఆ ప్రింటరుకు అంత వేగంగా సమాచారం అందాలి. 1973 మే 22న మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు: అన్నిటినీ ఒకే కేబుల్‌కు తగిలిద్దాం, దాన్ని ఈథర్ అందాం. కాంతిని మోసుకెళ్తుందని పాత భౌతిక శాస్త్రవేత్తలు ఊహించిన, చివరికి లేదని తేలిన పదార్థం పేరది. రేడియోలంటే ప్రాణమిచ్చే డేవిడ్ బాగ్స్ తోడయ్యాడు. మొదటి ఈథర్‌నెట్ సెకనుకు 2.94 మెగాబిట్లు పంపింది.

హవాయి పద్ధతికి వాళ్లు చేర్చింది రచ్చబండ మర్యాద. నోరు తెరిచేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెడితే ఇద్దరూ ఆపండి, తలో కాసేపు ఆగండి. మళ్లీ గుద్దుకుంటే ఇంకా ఎక్కువసేపు ఆగండి. పైన పర్యవేక్షించే అధికారి ఎవరూ లేరు. కంప్యూటర్లన్నీ వాటికవే సర్దుకుపోతాయి. నాకు ఈథర్‌నెట్‌లో ఎప్పటికీ నచ్చేది ఈ సంగతే.

తొలి కేబుల్ వేలంత లావు. దానికి మేకులా సూది దిగ్గొట్టి కంప్యూటరును కలిపేవారు. తర్వాత సన్నది వచ్చింది. తొంభైల్లో మా కాలేజీ ల్యాబులో ఆ సన్న కేబులే ఉండేది, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పూలదండలా. ఎవరి స్టూలు కాలో తగిలి ఒక్క కీలు ఊడితే వరస మొత్తం ఆగిపోయేది. ఊడిన చోటు వెతుక్కుంటూ ప్రతి బల్ల కిందా దూరేవాళ్లం.

ఆ బాధ తీర్చింది టెలిఫోను తీగ. రెండు రాగి తీగలను జడలా మెలిపెట్టడాన్ని గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు చేశాడు. పక్కన మోటారు తిరిగినా, ట్యూబులైటు వెలిగినా అవి పుట్టించే విద్యుత్ చప్పుడు రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొన రెంటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి చప్పుడు కొట్టుకుపోయి సందేశం మిగులుతుంది. 1990లో ఈథర్‌నెట్ ఈ మెలి తీగల మీదికి మారింది. మా వైరును ఒలిస్తే నాలుగు జతలు కనిపించాయి, ఒక్కో జత మెలిక ఒక్కోలా. పక్క జత మాట తనలోకి దూరకుండా ఆ ఏర్పాటు.

ఆ 1990లోనే సిలికాన్ వ్యాలీలో వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ పెట్టిన చిన్న కంపెనీ స్విచ్ అనే ఏడు పోర్టుల పెట్టె ఒకటి తెచ్చింది. కంపెనీ పేరు కల్పన, భరద్వాజ్ భార్య పేరది. ఏ యంత్రం ఏ పోర్టుకు ఉందో ఆ స్విచ్ గుర్తుపెట్టుకుని, ఎవరి సందేశం వాళ్లకే అందించేది. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. ఇప్పుడు ఇంటి రూటరు వెనక వరసగా కనిపించే ల్యాన్ పోర్టుల లోపల ఉన్నది ఆ స్విచ్చే. ఒక్కో కంప్యూటరుకు సొంత తీగ, చెప్పడానికీ వినడానికీ ఒకేసారి దారి. గుద్దుకోవడమన్న మాటే లేదు. గాల్లో మాత్రం ఇవాళ్టికీ రచ్చబండే: మన ఫోన్లూ, టీవీలూ, పక్కింటివాళ్ల వైఫై, అన్నీ వంతు కోసం ఆగాల్సిందే.

ఇక మా వైరు కొన: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ఎనిమిదీ వరసగా దువ్వి, కొనలు సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి క్రింపింగ్ టూలుతో నొక్కాను. మెలిక అరంగుళానికి మించి విప్పకూడదు, విప్పినంత మేరా తీగకు రక్షణ పోతుంది.

"నాన్నా, వందే చూపిస్తోంది!" అని పైనుంచి కేక. వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. ప్లగ్గు వెలుతురుకు పెట్టి చూస్తే గోధుమ తీగ చివరిదాకా రాలేదు. కత్తిరించి కొత్త ప్లగ్గు బిగించాను.

"వెయ్యి, నాన్నా!"