అఫేసియా పరీక్ష

మెదడులో భాషకు సంబంధించిన భాగాలు దెబ్బతిన్నప్పుడు మాట్లాడడం, ఎదుటివారి మాటను గ్రహించడం, చదవడం, వ్రాయడం అనే శక్తులలో కొన్ని గాని, అన్నీ గాని సన్నగిల్లుతాయి. ఈ స్థితిని అఫేసియా అంటారు. దీనికి అతి ముఖ్యమైన కారణం మెదడు పోటు, అనగా మనవారు పక్షవాతం అని పిలిచే జబ్బు. తలకు గాయాలు, మెదడులో కణుతులు కూడా కారణం కావచ్చును. ఏ శక్తి ఎంతవరకు పోయింది, ఎంతవరకు మిగిలి ఉంది అని తెలుసుకోవడానికి స్పీచ్ థెరపిస్టులు జరిపే పరిశీలనయే అఫేసియా పరీక్ష. రోగికి పోయినది భాషయే గాని బుద్ధి కాదు. ఈ సంగతి తెలియక మతి చలించిందనో, చెవుడు వచ్చిందనో ఇంటివారు భావించడం కద్దు.

నేపథ్యం

1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, ఏమడిగినా "టాన్" అని మాత్రమే పలుకగలిగిన ఒక రోగి మెదడును అతని మరణానంతరం పరిశీలించి, ఎడమ అర్ధగోళపు ముందు భాగంలో దెబ్బ ఉన్నట్లు చూపించాడు. 1874లో కార్ల్ వెర్నికే ఇందుకు భిన్నమైన రోగులను వర్ణించాడు. వీరు ధారాళంగానే మాట్లాడతారు కాని ఆ మాటలకు పొందిక ఉండదు, ఇతరుల మాటలు వీరికి అర్థం కావు. నేటి పరీక్షలు ప్రధానంగా ఈ తేడాను ఆధారం చేసుకొన్నవే.

పరీక్షకు ముందు

మాట హఠాత్తుగా తడబడినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటలలోపు ఇవ్వవలసి ఉంటుంది. అప్పుడు మంచం వద్ద జరిపేది కొద్ది నిమిషాల పరిశీలన మాత్రమే. వివరమైన పరీక్ష రోగి కుదుటపడిన తరువాత జరుగుతుంది.

మొదట థెరపిస్టు కుటుంబ సభ్యులను ప్రశ్నిస్తారు. రోగిది కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, ఎంతవరకు చదువుకున్నారు, ఏయే భాషలు వచ్చును, ఇంట్లో ఏది మాట్లాడేవారు అనే వివరాలు కావాలి. బడికి వెళ్ళని వ్యక్తి చదవలేకపోతే అది జబ్బు లక్షణం కాదు గదా. వినికిడిని, చూపును కూడా గమనిస్తారు. మెదడు ఎడమవైపు దెబ్బతిన్నవారిలో కొందరికి కుడివైపు వస్తువులు కనిపించవు. అటువంటప్పుడు బొమ్మలను ఎడమవైపు ఉంచాలి. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం ఇంటివద్ద మరచి వస్తే ఫలితమే తప్పుగా రావచ్చును.

పరీక్ష జరిగే తీరు

మొదట పేరు, ఊరు, వచ్చిన కారణం వంటి మామూలు ప్రశ్నలు అడిగి, ఒక బొమ్మను చూపించి అందులో ఏమి జరుగుతున్నదో చెప్పమంటారు. మాట ధార, వాక్యం కట్టే తీరు ఇక్కడ తెలుస్తాయి. తరువాత అర్థం చేసుకొనే శక్తిని చూస్తారు. అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్నలు ఉంటాయి. "కిటికీని చూపండి" వంటి చిన్న ఆజ్ఞతో మొదలై, రెండు మూడు పనులు వరుసగా చేయమనే వరకు సాగుతుంది. తెలుగులో "సీతను రాముడు పిలిచాడు", "సీత రాముడిని పిలిచింది" అనే వాక్యాలకు తేడా విభక్తి ప్రత్యయాలలోను, క్రియ చివరలోను ఉన్నది. మాటలు విడివిడిగా తెలిసినా, పిలిచినది ఎవరో చెప్పలేనివారు ఉన్నారు.

ఆపై ఒక్క మాటతో మొదలుపెట్టి పొడుగు వాక్యాల వరకు విన్నదానిని తిరిగి చెప్పమంటారు. వస్తువుల పేర్లు అడుగుతారు. గరిటెను చెంచా అనడం ఒక రకం తప్పు, కుర్చీని "చుర్కీ" అనడం మరొక రకం. పేరు తోచనప్పుడు మొదటి అక్షరం అందిస్తే కొందరు వెంటనే చెప్పగలరు. చికిత్సకు ఇది ఉపయోగపడే సమాచారం. వారాల పేర్లు గడగడ వల్లించి, "ఈరోజు ఏ వారం?" అంటే చెప్పలేకపోవడం కూడా చూడవచ్చును. వల్లెవేయడం వేరు, మాట కూర్చుకొనడం వేరు.

ఇది బడిలో పరీక్ష వంటిది కాదు. ప్రశ్నలు క్రమంగా కఠినమవుతాయి. రోగి ఎక్కడ ఆగిపోతాడో తెలుసుకొనడమే ఉద్దేశం. కనుక ప్రక్కన కూర్చున్నవారు జాలితో జవాబు అందించరాదు. అలసట కనిపిస్తే మరొక రోజుకు వాయిదా వేయమని అడగవచ్చును.

ఫలితాలు

ఆండ్రూ కెర్టెజ్ రూపొందించగా 1982లో వెలువడిన వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ విరివిగా వాడుకలో ఉన్నది. దీనికి తెలుగు రూపం కూడా ఉన్నది. మాట, అవగాహన, తిరిగి చెప్పడం, పేర్లు చెప్పడం అనే నాలుగింటి నుండి 100కు ఒక సూచిక లెక్కిస్తారు. మూలపరీక్షలో 93.8 కంటే తక్కువ వస్తే అఫేసియాగా పరిగణిస్తారు. అయితే ఒకే సూచిక వచ్చిన ఇద్దరి కష్టాలు ఒకటి కానక్కరలేదు. ఒకరికి మాట రాకపోవచ్చు, మరొకరికి మాట అర్థం కాకపోవచ్చు. అందువలన మొత్తం అంకె కంటే విడివిడి భాగాల మార్కులే కుటుంబానికి ఎక్కువ ఉపయోగం. నాలుక, పెదవుల కండరాల బలహీనత వలన ఉచ్చారణ చెడడం అఫేసియా కాదు. దానిని విడిగా పరీక్షిస్తారు.

రెండు భాషలు తెలిసినవారిని రెండింటిలోను పరీక్షించడం అవసరం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే హైదరాబాదు వాసిని ఒక్క తెలుగులోనే పరీక్షిస్తే సగమే తెలుస్తుంది, ఎందుకంటే రెండు భాషలు సమానంగా దెబ్బతినాలని గాని, సమానంగా కోలుకోవాలని గాని లేదు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది మెదడు పోటు రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ భాషలు తెలిసినవారిలో ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు అధికంగా ఉన్నారు. కాని అఫేసియా మాత్రం ఇరువర్గాలలోను ఇంచుమించు ఒకే విధంగా కనిపించింది.

మొదటి వారాలలో భాష త్వరగా మారుతూ ఉంటుంది గనుక, కొన్ని నెలల తరువాత అదే పరీక్షను మళ్ళీ జరిపి ముందటి మార్కులతో పోల్చి చూస్తారు.