పొయ్యిలో పాత చెక్క పెడుతున్నారా? ఆ బూడిదతో అంట్లు తోమే ముందు ఇది తెలుసుకోండి!

రంజాన్ వచ్చిందంటే బహదూర్‌పురాతో పాటు పాతబస్తీ అంతా హలీం భట్టీలు గంటల తరబడి మండుతుంటాయి. కట్టె ఏదైతేనేం, మంట ఒకటే కదా అనుకుంటే పొరపాటే.

చెదలు పట్టకుండా కొన్ని కలపలకు సీసీఏ అనే మందు ఎక్కిస్తారు. అందులో ఉండేవి రాగి, క్రోమియం, ఆర్సెనిక్. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం దీన్ని కనిపెట్టారు. కరెంటు స్తంభాలకు బాగా పనికొచ్చింది. చిక్కల్లా ఆర్సెనిక్‌తోనే.. అది క్యాన్సర్ కారకం. అందుకే అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకానికి ఈ కలప తయారీ ఆపేశారు.

కాల్చినా ఆర్సెనిక్ పోదు. కొంత పొగలో కలుస్తుంది, మిగతాది బూడిదలోనే ఉంటుంది. ఆ బూడిదతో అంట్లు తోమినా, ఆకుకూర మడిలో చల్లినా ముప్పు ఇంటిల్లిపాదికీ!

ఏం చేయాలంటే..

* మందు పెట్టిన చెక్కకు మొదట్లో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. పాతబడితే రంగు వెలుస్తుంది, కంటితో పోల్చలేం. ఎక్కడిదో తెలియని చెక్క పొయ్యికి వద్దు. కూరగాయలు తరిగే పలకగానూ వద్దు.

* ప్యాలెట్ చెక్కపై ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది.. దాన్ని ముట్టుకోవద్దు.