షుగర్ ఉన్న మన పెద్దలకు ఏం పెట్టాలి, ఏం తాగించాలి?

రంజాన్ వస్తుందంటే మన దగ్గర సంచులు కట్టే పని మొదలవుతుంది. బియ్యం, చక్కెర, సేమియా, నూనె, ఖర్జూరం. ఏళ్ల తరబడి ఇదే పట్టీ. దాతలు సంతోషంగా ఇస్తారు, తీసుకున్నవాళ్లు దువా చేస్తారు. అయితే ఆ సంచి విప్పే చేతుల్లో చాలావరకు పెద్దవాళ్ల చేతులే ఉంటాయి. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎందరో! మనం ప్రేమతో పంపిన చక్కెర వాళ్లకు ఏం చేస్తుందో మనం పెద్దగా ఆలోచించలేదు. మేమూ ఆలోచించలేదు, మా ఇంట్లో దెబ్బ తగిలేదాకా.

మా అమ్మీకి షుగర్ ఉందని తేలినప్పుడు ఆమెకు అరవై దాటాయి. బీఈడీ చేసి బడిలో పాఠాలు చెప్పేవాళ్లం కాబట్టి అంతా మాకే తెలుసనుకున్నాం. ఆమెకు అన్నం పూర్తిగా మానిపించాం. షుగర్‌కు మంచిదని ఎవరో చెబితే రెండు పూటలా గిన్నెడు రాగిజావ పోశాం. చక్కెర డబ్బా పై అరలో దాచి, చాయ్‌లో తేనె కలిపి ఇచ్చాం. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది. ఆ ఏడు ఈద్ రోజు ఇంటిల్లిపాదీ ముందు గదిలో షీర్ ఖుర్మా తాగుతుంటే, అమ్మీ వంటింట్లో ఒంటరిగా నిలబడి తాగుతూ కనబడింది. మమ్మల్ని చూసి కటోరాను కొంగు చాటుకు తీసుకుంది. "ఏం అనకు బేటా" అంది. ఇంటికి పెద్దదైన మనిషి చేత దొంగతనంగా తినిపించింది మా పెత్తనమే. ఆ తర్వాతే డాక్టర్లను అడిగి, చదివి, ఇంట్లో చేసి చూసి కొంత నేర్చుకున్నాం. ఆ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ఒంట్లో జరిగేది ఏమిటి?

అన్నం, రొట్టె, గోధుమ, జొన్న, ఆలుగడ్డ, పండు, చక్కెర, బెల్లం, తేనె. వీటిలోని పిండిపదార్థమూ తీపీ కడుపులో అరిగి చివరకు ఎక్కువ భాగం గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తాయి. ఆ గ్లూకోజ్‌ను కణాల్లోకి చేర్చేది ఇన్సులిన్. అది చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా గ్లూకోజ్ రక్తంలోనే ఉండిపోతుంది. అదే షుగర్ జబ్బు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు.

కాబట్టి చక్కెర ఒక్కటి మానిపిస్తే సరిపోదు. మూడు సంగతులు చూడాలి. పిండిపదార్థం ఎంత తిన్నారు, అది ఎంత వేగంగా అరుగుతుంది, దాంతోపాటు ఇంకేం తిన్నారు. మేము చేసిన తప్పు ఇక్కడే తెలిసింది. రాగులు మంచివే. కానీ మెత్తగా పిండి పట్టించి, పల్చగా ఉడికించి తాగిస్తే నమలే పని లేకుండా త్వరగా అరిగిపోయి షుగర్‌ను పైకి లేపుతుంది. తేనె, బెల్లం కూడా ఆ పనిలో చక్కెరకు చుట్టాలే.

అన్నమా, రొట్టెనా?

మన ఎత్తు నేలల్లో మా తాతల కాలంలో జొన్నరొట్టె, జొన్నగట్క, సజ్జరొట్టె నిత్యం ఉండేవి. వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో వండేవారు. బోర్లు పడ్డాయి, జొన్న చేలు పత్తి చేలయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదింటికీ రోజూ అన్నం అందింది. ఆకలి తీర్చిన ఆ మేలు మరువలేనిది. ఇప్పుడు 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. అంటే రోజుకు 200 గ్రాములు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం, 3 గ్రాముల లోపు పీచు ఉంటాయి. అదే 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం సుమారు 68 గ్రాములు, పీచు 10 గ్రాములు. పీచు ఎక్కువైతే అరుగుదల నెమ్మదిస్తుంది, కడుపూ నిండుగా ఉంటుంది. అలాగని జొన్నరొట్టెలు ఐదారు తింటే లాభం ఏముంది? రెండు రొట్టెలు, గిన్నెనిండా కూర ఉంటేనే ఫలితం.

అన్నం లేకుండా ఉండలేని పెద్దలు ఉంటారు. వాళ్ల చేత బలవంతంగా మానిపించాల్సిన పని లేదు, కొలత పెడితే చాలు. ఒక కప్పు అన్నంలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. ఒక మోస్తరు చపాతీలో సుమారు 20 గ్రాములు. అంటే అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే లెక్క పెరిగిందే కానీ తగ్గలేదు. బియ్యంలోనూ రకాలున్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, మామూలు సన్నబియ్యం కంటే నెమ్మదిగా షుగర్‌ను పెంచుతుందని పరీక్షల్లో తేలింది. అదైనా కొలతలోనే తినాలి.

మేము ఇంట్లో పాటించేది ఒకటే పద్ధతి. తలెలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లేదా మాంసం. మిగిలిన పావులో అన్నమో రొట్టెనో. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని తర్వాత అన్నం ముట్టుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. అమ్మీకి వేరే వంట లేదు. అందరికీ అదే కుండ, అదే దస్తర్‌ఖాన్. దావత్‌లో బగారా అన్నం వచ్చినా, బిర్యానీ వచ్చినా ఇదే లెక్క. ముక్కలు, దహీ చట్నీ ముందుకు జరిపి అన్నం రెండు గరిటెలతో ఆపుతాం.

తాగేవాటితో జాగ్రత్త

తిండిని చూసినంతగా తాగేవాటిని ఎవరూ చూడరు. చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాలు అంటే 40 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమ్మీకి మేము ఒక్కరోజులో చక్కెర ఆపలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం, నాలుక అలవాటు పడింది. చాయ్‌తో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్ కూడా మైదా, చక్కెర, డాల్డాల ముద్దేనని మరవొద్దు.

300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రూహ్ అఫ్జా వంటి షర్బత్‌లు చక్కెర పాకమే. మన నల్లగొండ బత్తాయికి పేరు. షుగర్ ఉన్నవాళ్లు బత్తాయి తినవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక కాయ తొనలు ఒలిచి తింటే ఫరవాలేదు. గ్లాసు రసం కావాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి, పీచు పిప్పిలో పోతుంది, తీపి గ్లాసులో మిగులుతుంది. జామకాయ, నేరేడు, బొప్పాయి ముక్కలు మేలు. సీతాఫలం, మామిడి రుచికి కొద్దిగానే. ఉప్పు తక్కువ వేసిన పల్చని మజ్జిగ, మంచినీళ్లు అన్నిటికంటే ఉత్తమం.

మన నీళ్లు, మన మోకాళ్లు

ఇక్కడ మర్రిగూడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. షుగర్ ఎక్కువైతే దాహం ఎక్కువవుతుంది. ఆ దాహానికి బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ కూడా అంత ఎక్కువగా లోపలికి పోతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు అని మన దేశ ప్రమాణం. ఈ ప్రాంతపు బోర్లు ఆ హద్దును ఎన్నడో దాటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970లలో మన జిల్లా పేరే పెట్టారు. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. షుగర్ వల్ల మూత్రపిండాలు దెబ్బతింటే ఫ్లోరైడ్‌ను బయటికి పంపే శక్తీ తగ్గుతుంది. అందుకే తాగడానికే కాదు, వంటకు కూడా నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లో, శుద్ధిచేసిన నీళ్లో వాడాలి.

షుగర్ అనగానే డాక్టర్లు నడవమంటారు. ఫ్లోరైడ్‌తో నడుము బిగుసుకుపోయి, మోకాళ్లు వంగని మన పెద్దలు ఎక్కడ నడుస్తారు? కాళ్లకు పని తగ్గినచోట తలె మీద శ్రద్ధ రెట్టింపు కావాలి. అదృష్టవశాత్తూ రెంటికీ పనికొచ్చే తిండి మన ఇళ్లలోనే ఉంది. మునగాకు, తోటకూర, పెరుగు, ఉసిరి, నిమ్మ. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఆ ఫలితం 2002లో అచ్చయింది. చింతపండు మందు కాదు కానీ, మన ఖట్టీ దాల్‌ను చిన్నచూపు చూడాల్సిన పని లేదని తేలింది కదా! మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లు మాత్రం పప్పు, మాంసం, పండ్లు ఎంత తినాలో డాక్టర్‌ను అడిగే నిర్ణయించుకోవాలి.

రంజాన్‌లో

షుగర్ పెరగడం ఎంత చెడ్డదో, పడిపోవడం అంతకంటే వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు పూట తప్పితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు మొదలవుతాయి. మా అమ్మీకి ఒక రంజాన్‌లో అసర్ తర్వాత ఇలాగే అయింది. రోజా విరమించడానికి ఆమె ఒప్పుకోలేదు. పైఅరలో మేము దాచిన ఆ చక్కెర డబ్బానే దించి, మూడు చెంచాలు నీళ్లలో కలిపి, బతిమాలి తాగించాం. పావుగంటలో తేరుకుంది. షుగర్ 70 కంటే తగ్గితే చేయాల్సింది ఇదే. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రంజాన్‌కు నెల, రెండు నెలల ముందే డాక్టర్‌ను కలిసి రోజా ఉండవచ్చో లేదో, మందుల వేళలు ఎలా మార్చాలో తెలుసుకోవాలి. రోగికి మినహాయింపు ఉందని సూరె బఖరాలోని 184, 185 ఆయతులు చెబుతున్నాయి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతున్నారు. 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించమన్నది వైద్యుల మాట. సహరీ మానకూడదు, ఆలస్యంగా తినాలి. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు మంచివి. ఒక్క ఖర్జూరంలో రకాన్ని బట్టి 5 నుంచి 18 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఒక్కదానితో ఇఫ్తార్ చేసి, నీళ్లు తాగి, నమాజ్ చేసుకుని వచ్చి భోంచేస్తే చాలు.

మన సంచి సంగతి

దాతలకు మా మనవి ఇక్కడే ఉంది. బియ్యం రేషన్‌లో వస్తున్నాయి. పేదింటివాళ్లు కొనలేనివి జొన్నలు, పప్పులు, గుడ్లు, కూరగాయలు. సంచి కట్టే ముందు ఆ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారా అని ఒక్క మాట అడుగుదాం. ఉంటే చక్కెర తగ్గించి, సేమియా ఒక్క పొట్లంతో ఆపి, మిగిలిన డబ్బుతో జొన్నపిండి, కందిపప్పు, శనగలు, పల్లీలు పెడదాం. మొత్తం ఖర్చు పెద్దగా మారదు. పండుగ తీపి పూర్తిగా తీసేయొద్దు. షుగర్ ఉన్నవాళ్లకూ ఈద్ ఉంటుంది. ఇంకొంచెం చేయగలిగినవాళ్లు మసీదులో ఒక షుగర్ పరీక్ష మిషన్, దానికి కావలసిన స్ట్రిప్‌లు ఉంచితే ఎందరికో ఆసరా. ముప్పై ఏళ్లు దాటినవారందరూ సర్కారు దవాఖానలో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చని జుమా రోజు నాలుగు మాటలు చెప్పినా అది సదఖాయే.

ఇప్పుడు ఈద్ నాడు మా ఇంట్లో షీర్ ఖుర్మాలో చక్కెర సగమే వేస్తాం, బాదం, చిరోంజీ కాస్త ఎక్కువ వేస్తాం. అందరికీ అదే. అమ్మీ చిన్న కటోరా తీసుకుని ముందు గదిలో, మనవళ్ల మధ్యలో కూర్చుని తాగుతుంది. ఆ పూట రొట్టె ఒకటి తగ్గిస్తుంది. ఆ లెక్క ఆమే చెబుతుంది, మేము చెప్పాల్సిన పని లేదు. అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, వాళ్లకు వడ్డించే మనకు ఓర్పును ప్రసాదించుగాక.