ఎ, యాన్, ది

కర్మాగారంలో లాగ్‌బుక్కులు, షట్‌డౌన్ నోట్లు చదివే అలవాటున్న వారికి ఒక విషయం సుపరిచితమే. వాటిలో ఉష్ణోగ్రతలు సరిగా ఉంటాయి, టన్నుల లెక్క సరిగా ఉంటుంది; దారి తప్పేవి ఎ, యాన్, ది అనే మూడు చిన్న మాటలే. ఇందుకు మనవారిని నిందించడం న్యాయం కాదని మా అభిప్రాయం. తెలుగులో గాని, హిందీలో గాని ఈ ఆర్టికల్స్ లేవు. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి కర్మాగారాన్ని నిలబెట్టడానికి వచ్చిన సోవియట్ నిపుణుల రష్యన్ భాషలోనూ లేవు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి, ఆ కొలిమి చుట్టూ వినిపించిన మాతృభాషలు చాలావరకు ఇటువంటివే.

అయితే మాట లేనంత మాత్రాన భావం లేదనుకోరాదు. ‘బల్ల మీద పుస్తకం ఉన్నది’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘పుస్తకం బల్ల మీద ఉన్నది’ అంటే మీరు వెతుకుతున్న ఆ పుస్తకమే. మాటల వరుస మార్చి మనం తెలిపే ఈ భేదాన్నే ఇంగ్లీషువారు ‘ఎ బుక్’, ‘ది బుక్’ అని వేరువేరుగా చెబుతారు. రష్యన్లదీ ఈ విషయంలో మన పద్ధతే. ఇక కథల సంగతి చూస్తే, అమ్మమ్మలు ఏనాడో ఈ పాఠం చెప్పి ఉన్నారు. ‘ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు, ఆ రాజుకు ఇద్దరు భార్యలు.’ పరిచయం చేసేటప్పుడు ‘ఒక’, పరిచయమైన తరువాత ‘ఆ’. ఎ కింగ్, ది కింగ్. పిల్లల ముందు వ్యాకరణ పుస్తకం తెరవక మునుపు ఈ వాక్యం చెప్పి చూడవలసిందిగా తల్లిదండ్రులకు మా మనవి.

అసలు చిక్కు లెక్కించడంలో ఉన్నది. ఇంగ్లీషులో లెక్కపెట్టదగిన నామవాచకం ఏకవచనంలో సాధారణంగా ఒంటరిగా నిలవదు. దాని ముందు ఎ, ది, దిస్, మై, ఎవ్రీ వంటి మాట ఏదో ఒకటి ఉండాలి. ‘ఐ సా క్రేన్’ అనరాదు. అయితే ఏది లెక్కకు వస్తుందనేది భాషను బట్టి మారుతుంది. మనకు నీళ్ళు, పాలు నిత్యబహువచనాలు. ఎన్ని బిందెలున్నా వాటర్, మిల్క్ ఏకవచనాలే. మన ఉత్పత్తినే తీసుకొందాము. స్టీల్ లెక్కకు రాదు, రెయిల్ వస్తుంది. ఐరన్ అంటే ఇనుము. ‘యాన్ ఐరన్’ అంటే ఇంట్లోని ఇస్త్రీపెట్టె. ఎక్విప్‌మెంట్, మెషినరీ, ఫర్నిచర్, స్క్రాప్ అనే మాటల చివర ‘ఎస్’ తగిలించి ఇండెంట్లు రాసేవారు మనలో తక్కువేమీ కాదు. ‘స్క్రాప్స్’ అనే మాట ఉన్నది గాని, దానికి భోజనానంతరం పళ్ళెంలో మిగిలిన తునకలని అర్థం. వాటితో ఉక్కు తయారు కాదు!

ఎ, యాన్‌ల తేడాకు తెలుగు లిపియే గీటురాయి. మాటను పలికినట్లు తెలుగులో రాస్తే, అచ్చుతో మొదలైనదానికి యాన్: అవర్, ఇంగాట్, ఎం.టెక్. డిగ్రీ. యూనిట్ ‘య’తో మొదలవుతుంది గనుక ఎ. ‘యెం.టెక్.’ అని పలికేవారికి మాత్రం ఈ సూత్రం పనికిరాదు.

ఇదంతా పరీక్షల కోసమే అయితే ఇంతగా చెప్పనవసరం లేదు. ‘ఎ ఫ్యూ బోల్ట్స్ ఆర్ లూజ్’ అంటే కొన్ని బోల్టులు వదులైనవి, స్పానరు తీసుకొని వెళ్ళమని. ఆ ‘ఎ’ జారిపోతే, వదులైనవి పెద్దగా ఏమీ లేవని అర్థం. లెక్కకు రాని గ్యాసుకూ ఇదే నియమం: ‘ఎ లిటిల్ గ్యాస్’ అంటే కొంత ఉన్నది, ‘లిటిల్ గ్యాస్’ అంటే దాదాపు లేదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో సుమారు 20 నుండి 25 శాతం కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు.

‘ది’ సంగతి మరింత సున్నితమైనది. రాసేవారికి తెలిస్తే చాలదు, చదివేవారికీ తెలియాలి. సాయంత్రమంతా ఒకే వాల్వుతో కుస్తీపట్టిన వ్యక్తి ‘క్లోజ్డ్ ది వాల్వ్’ అని రాసి ఇంటికి వెళతాడు. రాత్రి షిఫ్టుకు వచ్చినవాని ఎదుట నాలుగు వాల్వులుంటాయి. వ్యాకరణరీత్యా ఆ ‘ది’లో తప్పు పట్టలేము. అటువంటిచోట ‘వాల్వ్ నంబర్ 3’ అని రాయడమే మేలు; నంబరు వేసిన పేరుకు ఆర్టికల్ అక్కరలేదు కూడా. ‘ది బ్లాస్ట్ ఫర్నేస్ నంబర్ 8’ అని ఫైళ్ళలో కనిపించే ‘ది’ని నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు.